గది మధ్య సుద్దగీత

ఓడ ఇంటిదారి పట్టిందని మైకులో చెప్పగానే పైన డెక్కు మీద జనమంతా చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. ప్రపంచం చుట్టి వస్తున్నామన్న గొప్ప ఒక పక్క, అప్పుడే అయిపోతోందన్న దిగులు ఒక పక్క. కింద ఒక ఇరుకు గదిలో మాత్రం సూదమ్మ తన మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేల మీది సుద్దగీతను చూస్తూ పళ్ళు నూరుతోంది. గీత మళ్ళీ ఆమె వైపు జరిగింది.

గీసింది ఆమె అక్క, కత్తెరమ్మ. తలుపు దగ్గర మొదలై కిటికీ కిందిదాకా వెళ్ళే ఆ గీతకు ఇటు నీది, అటు నాది. ఓడ ఎక్కిన రోజే గీసింది. గది సర్దే అతను రోజూ వచ్చి తడిగుడ్డతో తుడిచేస్తాడు. అతను అటు వెళ్ళగానే ఆవిడ మోకాళ్ళ మీద వంగి మళ్ళీ గీస్తుంది. సముద్రాలు మారాయి, రేవులు మారాయి, ఆవిడ గీత గీయడం మాత్రం మానలేదు.

ఈ పేర్లు కన్నతల్లి పెట్టినవి కావు, వీధి పెట్టినవి. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకే దర్జీ కొట్టు. అక్క కొలతలు తీసి, సుద్దతో గీసి, కత్తిరిస్తుంది. చెల్లెలు మిషను మీద కుడుతుంది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. చేసుకోవాలనుకున్నప్పుడు కొట్లో ఊపిరాడనంత పని, ఊపిరి తీసుకునేసరికి వయసు దాటిపోయింది. ఆ కొట్లో వాళ్ళ అమ్మ పెట్టిన కట్టడి ఒకటుంది. కోసేది కుట్టకూడదు, కుట్టేది సుద్ద ముట్టకూడదు. గీసిన గీత తప్పో ఒప్పో కుట్టేది అడగకూడదు, గీత మీద కుట్టుకుంటూ పోవడమే. అమ్మ పోయి ఎన్నేళ్ళయినా సూదమ్మ చేతికి ఒక్కసారైనా సుద్ద అంటలేదు.

ఇంత చక్కగా సాగుతున్న కాపురంలో ఒక పెళ్ళికొడుకు కోటు చిచ్చుపెట్టింది. ఎదురింటావిడ కొడుకు పెళ్ళి. తీరా పెళ్ళి ముందు రోజు తొడిగి చూస్తే కోటు ఎడమ భాగం రెండు వేళ్ళు పొట్టి. గుండీ ఒకచోట, కాజా ఇంకోచోట. పెళ్ళికొడుకు అద్దంలో చూసుకుని బిక్కమొహం వేశాడు. ఎదురింటావిడ ఒంటికాలి మీద లేచింది. కొట్టు నిండా జనం, గుమ్మం బయట ఇంకా జనం. అంతమందిలో కత్తెరమ్మ కోటును అటూ ఇటూ తిప్పి, తాపీగా, "నా కోత బాగానే ఉందమ్మా. కుట్టు తప్పు, మా చెల్లెలిది" అంది.

సూదమ్మ నోరు పెగిలేసరికి జనం వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. వీధిలో పిల్లలు కూడా "గుండీ ఇటు, కాజా అటు" అని ఆమె వెనక పాడటం మొదలుపెట్టారు. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరగదీసుకున్న మనిషికి ఆఖరికి మిగిలిన బిరుదు అది.

మరి ఇలాంటివాళ్ళు కలిసి ప్రపంచయాత్రకు ఎందుకు బయల్దేరారయ్యా అంటే, టికెట్లు మంచిరోజుల్లో కొన్నవి. ఒకే గది, రెండు మంచాలు. మార్చడానికి లేదు, వెనక్కి ఇవ్వడానికి లేదు. నేనెందుకు మానుకోవాలి, అదే మానుకోనీ అని ఇద్దరూ పంతం పట్టారు. ఇద్దరూ ఎక్కారు. ఎక్కేముందు రేవులోనే, తమ్ముడి ఎదురుగా, సూదమ్మ తన షరతు చెప్పేసింది.

"ఆ కోటు కోత తప్పు నాది అని ఒక్క మాట, కొట్లో అందరి ముందూ అనాలి. దిగేలోపు ఆలోచించుకోమను. అనకపోతే దిగిన రోజే తాపీమేస్త్రిని పిలిచి కొట్టు మధ్యలో గోడ కట్టిస్తాను. తర్వాత ఆవిడ గుడ్డలు ఆవిడ ఎవరిచేత కుట్టించుకుంటుందో నాకనవసరం."

"కట్టించుకోమను," అంది కత్తెరమ్మ తమ్ముడితోనే. "నాకూ గాలి బాగా ఆడుతుంది."

ఇక ఓడలో ఆ ఇద్దరి యాత్ర చూడాలి. మాట్లాడుకోవలసి వస్తే మధ్యలో గది సర్దే అతను బలి. "ఆవిడ గురక కాస్త తగ్గించుకోమని చెప్పు బాబూ" అని ఈవిడ. "గురక పెట్టేది నేను కాదు, ఆవిడ మనస్సాక్షి అని చెప్పు నాయనా" అని ఆవిడ. ఇద్దరూ గీతకు చెరోవైపు మూరెడు దూరంలో కూర్చునే ఈ సంభాషణ. పాపం, అతను చీపురు పట్టుకుని ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి తల ఊపేవాడు. చివరికొచ్చేసరికి చీపురుతోనే తల గోక్కునేవాడు.

ఇప్పుడు ఒక్కొక్క రేవూ గుర్తు చేసుకుంటుంటే సూదమ్మకు కడుపు రగిలిపోతోంది. ప్రతి రేవులోనూ మెట్లు దిగగానే అక్క కుడివైపు వెళ్ళేది, గోడ వారనే, తల ఎత్తుకుని, ఎవరినీ లెక్కచేయనట్టు. అందుకని ఈమె ఎడమవైపు వెళ్ళేది. మంచుకొండల రేవులో జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుంటే, ఆవిడ ఒక్కసారి అటు చూసి మొహం తిప్పుకుంది. కొండలు కూడా ఆవిడ స్థాయికి తగలేదు కాబోలు! భోజనాల దగ్గర పళ్ళెంలో సగం తిని సగం వదిలేసేది. ఓడలో వంట కూడా ఆవిడకు ఆనదు. ఇసుక మేటలు వేసిన ఇంకో ఊళ్ళో, చెరో దారిన పోయి కూడా, ఇద్దరూ ఒకే బట్టలకొట్లో తేలారు. ఊరు కొత్తదైనా కాళ్ళు వెళ్ళేది గుడ్డల దగ్గరికే కదా. బూడిదరంగు ఉన్ని తాను ఒకటి, ఒక కొస ఈమె చేతిలో, ఇంకో కొస ఆవిడ చేతిలో. ఆవిడ దాన్ని ముక్కుకు ఆనించుకుని మరీ చూస్తోంది, పెద్ద పనిమంతురాలిలా. ఇద్దరూ వదలలేదు. కొట్టతను విసిగిపోయి తానును మధ్యకు కోసి చెరో ముక్క చేతిలో పెట్టాడు. రెండు ముక్కల్లో దేనితోనూ కోటు రాదు.

ఆ గుడ్డ సంగతి పోనీ అనుకున్నా, ఈ గీత సంగతి మాత్రం పోనిచ్చేది కాదు. తలుపు దగ్గర సరిగ్గా నడిమధ్యలోనే మొదలవుతుంది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి సూదమ్మ వైపు వాలిపోతుంది. మొదట్లో బెత్తెడు. ఇప్పుడు ఏకంగా ఆమె మంచం కోడు దాకా. టేపు పెట్టి కొలిచింది కూడా. ఊళ్ళో అందరికంటే తిన్నగా గీత గీసే మనిషి, చూపుతోనే దారం మందం చెప్పే మనిషి, ఊరికే వంకరగా గీస్తుందా? కాస్త కాస్తగా తన జాగా తినేస్తోంది. గదిలోనే ఇంత అయితే, రేపు కొట్లో గోడ ఎక్కడిదాకా తోస్తుందో!

దిగడానికి ముందు రోజు మధ్యాహ్నం భోజనాల హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. వినోదాలు నడిపించే ఆవిడ మైకు పట్టుకుని బల్ల బల్లకూ తిరిగి, ఈ యాత్రలో మీకు బాగా నచ్చిందేమిటని అడుగుతోంది. ఒకాయన జలపాతాలన్నాడు. ఒక కొత్తజంట చంద్రుడంది. మైకు కత్తెరమ్మ దగ్గరికొచ్చింది.

"నా వైపు గోడ," అందావిడ.

హాలంతా నవ్వింది. మైకు ఎడంగా కూర్చున్న సూదమ్మ దగ్గరికొచ్చింది.

"రేపు దిగిపోవడం," అంది ఈమె. ఇంకా గట్టిగా నవ్వారు. వీళ్ళిద్దరూ నిజంగానే అంటున్నారని ఆ హాల్లో ఒక్కరికీ తోచలేదు.

ఆఖరి పొద్దున గది సర్దే అతను గీత తుడిచి, ఇద్దరికీ చెరోసారి దండం పెట్టి, బతికిపోయినట్టు బయటపడ్డాడు. అక్క గీత గీసే సమయానికి సూదమ్మ రోజూ గోడవైపు తిరిగి పడుకునేది. చూస్తే ఆ గీతకు విలువిచ్చినట్టవుతుందని ఆమె రోషం. అందుకే ఇన్నాళ్ళూ ఆవిడ గీస్తుండగా ఒక్కసారీ చూడలేదు. ఇవాళ మాత్రం తాడో పేడో తేల్చుకోవాలనుకుంది. దుప్పటి మొహం మీదికి లాక్కుని, సందులోంచి కళ్ళు పెట్టి కాపు కాసింది. దొంగను గీస్తుండగానే పట్టుకోవాలి.

కత్తెరమ్మ సంచిలోంచి సుద్ద తీసింది. తలుపు దగ్గర కూర్చుని, ముందు అరచేత్తో నేలంతా తడిమింది. గడప మధ్యలో ఉన్న ఇనుప చీల చేతికి తగిలాక అక్కడ సుద్ద ఆనించింది. కొంచెం గీసింది. ఆగింది. కోడి గింజను చూసినట్టు తల పూర్తిగా పక్కకు తిప్పి నేలను చూసింది. ఇంకొంచెం గీసింది. తర్వాత ఎడమచేయి ముందుకు చాపి గాలిలో వెతికింది. కిటికీ కింద చిన్నబల్ల ఉంది. ఆ బల్ల కాలు కోసం వెతుకుతోంది. చేతికి తగిలింది సూదమ్మ మంచం కోడు. అదే బల్ల అనుకుని, సంతృప్తిగా, అక్కడిదాకా గీసేసింది. చేతులు దులుపుకుంది.

అక్కకు కళ్ళు కనబడటం లేదా అనుకుంది సూదమ్మ. మరుక్షణమే అనుమానమొచ్చింది. ఈవిడ నాటకాలు ఇన్నీ అన్నీ కావు. చప్పుడు కాకుండా తన ఎర్రచెప్పు ఒకటి తీసి, గీతకు అవతల, అక్కకు ఎడమవైపున పెట్టింది. కత్తెరమ్మ లేచి రెండడుగులు వేసి, చెప్పు తగిలి తూలి, గోడ పట్టుకుంది.

"చెప్పులు నా వైపు పెట్టావేమే?" ఇన్నాళ్ళకు, నేరుగా, మొదటి మాట.

"ఏ రంగు చెప్పో చెప్పు."

కత్తెరమ్మ కాలితో నేల తడిమింది.

"చెప్పక్కా. కాళ్ళ దగ్గరే ఉందిగా. ఏ రంగు?"

"తెలిసిందిగా," అందావిడ మంచం మీద కూర్చుంటూ. "ఇక నోరు మూసుకో."

"ఎప్పట్నుంచి?"

"ఎడమకన్ను పోయి చాలా రోజులైంది. కుడికంటికి ఎదురుగా ఉన్నది కనబడుతుంది, చివర్లు కనబడవు."

గోడ వారనే నడక, సగం వదిలేసిన పళ్ళెం, ముక్కుకు ఆనించుకున్న గుడ్డ, అన్నీ సూదమ్మ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఈ ప్రపంచయాత్రంతా అక్క పొగరు చూస్తూ తిరిగాననుకుంది ఆమె. చూసింది పొగరు కాదు.

"మంచుకొండలు చూశావా?"

"తెల్లగా ఏదో ఉంది."

"మరి దేనికొచ్చావ్? డబ్బాలో కూర్చున్నట్టు కూర్చోడానికా?"

"వచ్చే ఏడాదికి ఆ తెల్లటిది కూడా ఉండదన్నాడు డాక్టరు."

వేరే ఎవరైనా అయితే అక్కడ అక్కను కావలించుకుని ఏడ్చేవాళ్ళు. సూదమ్మకూ ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ దాని వెనకే ఇంకో మాట తన్నుకొచ్చి ఆ ఏడుపును మింగేసింది.

"అంటే కోటు కోసేనాటికే నీకు తెలుసు. కోత తప్పని తెలుసు. తెలిసే నా మీదికి నెట్టావు."

"అవును."

"అంతమందిలో."

"కోసేదానికి కళ్ళు పోయాయంటే కొట్టు మూతపడుతుందే. కుట్టేదానికి చెయ్యి జారిందంటే ఎవరూ పట్టించుకోరు."

"నేను పట్టించుకున్నాను," అంది సూదమ్మ. "నాకు చెప్పి ఉండొచ్చుగా?"

"చెబితే కత్తెర లాక్కునేదానివి."

"లాక్కునేదాన్నే!"

"చూశావా మరి." కత్తెరమ్మ తల పక్కకు తిప్పి, ఆ మిగిలిన కాస్త చూపుతో చెల్లెల్ని సూటిగా చూసింది. "సరే, నాకు కళ్ళు లేవు. నీకున్నాయిగా? కుట్టేటప్పుడు రెండు వేళ్ళు తక్కువైందని నీకు కనబడలేదా?"

సూదమ్మకు కనబడింది. శుభ్రంగా కనబడింది.

"గీసింది నువ్వు. గీత మీద కుట్టడమే నా పని. అమ్మ చెప్పిందదే."

"అమ్మ చెప్పిందని కుట్టావో, అక్క పరువు పోతే చూద్దామని కుట్టావో, అది నీకే తెలియాలి."

ఆ మాట సూదమ్మకు ములుకులా దిగింది. దిగిన కొద్దీ కోపం రెట్టింపయింది. "ఇవాళ కొట్లో ఆ మాట చెప్పు. లేకపోతే గోడ," అంది.

"చస్తే చెప్పను. గోడే కట్టించుకో."

రేవులో తమ్ముడూ మరదలూ ఎదురొచ్చారు. దారి పొడుగునా మరదలు ఆ దేశం ఎలా ఉంది, ఈ దేశం ఎలా ఉంది అని అడుగుతూనే ఉంది. కత్తెరమ్మ అన్నిటికీ "బ్రహ్మాండం" అంది. పక్కనే కూర్చున్న సూదమ్మ నాలుక కొసన నిజం ఆడుతోంది. చెప్పేస్తే? అయ్యో పెద్దక్కా అంటారు. వీధి వీధంతా జాలిపడి ఆవిడ చుట్టూ మూగుతుంది. తనకు జరిగిన అవమానం ఆ జాలిలో కొట్టుకుపోతుంది. చెప్పలేదు.

కొట్టు తలుపులు తీసేసరికి, తమ్ముడు పిలిపించి ఉంచిన తాపీమేస్త్రి గుమ్మంలో తయారుగా ఉన్నాడు. బయట ఇటుకలు, ఇసుక. వీళ్ళు వచ్చారని తెలిసి ఎదురింటావిడ వచ్చింది, ఆమె వెనక వీధిలో సగం మంది వచ్చారు. ప్రపంచం చూసొచ్చినవాళ్ళను చూడటానికో, గోడ చూడటానికో.

"గోడ ఎక్కడ లేపాలో గీసివ్వండమ్మా," అన్నాడు మేస్త్రి.

అందరూ కత్తెరమ్మ వైపు చూశారు. ఆ కొట్లో ఏ గీతైనా గీసేది ఆవిడేనని పసిపిల్లలకు కూడా తెలుసు.

"గీసెయ్ పెద్దక్కా," అన్నాడు తమ్ముడు. "నీ గీతకు తిరుగుండదు."

సూదమ్మకు అర్థమైంది. తను నోరు విప్పక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. ఇంతమంది ఎదురుగా ఆ గీతే చెప్పేస్తుంది. చేతులు కట్టుకుని మిషను పక్కన నిలబడింది.

కత్తెరమ్మ సుద్ద తీసింది. గడప దగ్గర వంగి, నేల తడిమి, మొదలుపెట్టింది. కొంత దూరం తిన్నగానే వచ్చింది. తర్వాత వాలింది. ఇంకా వాలింది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి తమ్ముడి మొహం చూశాడు. కత్తెరమ్మ చేయి ఆగిపోయింది. నవ్వు విన్నది. లేవబోయి, లేవలేక, మోకాళ్ళ మీదే ఉండి, సుద్ద పట్టుకున్న చేతిని కుడిపక్కకు చాపింది.

"ఏమే, పట్టుకో," అంది.

చెల్లెలు అక్కడ లేదు. అక్కడ ఎవరూ లేరు. సూదమ్మ ఇవతల, ఆవిడకు కనబడని ఎడమవైపున, అడుగు దూరంలో ఉంది. ఆ చేయి అలా గాలిలో ఉండిపోయింది. ఎదురింటావిడ నోటిమీద చేయి పెట్టుకుంది.

సూదమ్మ వంగి సుద్ద తీసుకుంది. "ముందు ఆ మాట," అంది.

"కోటు కోత తప్పు నాది."

"వినబడలేదు. గట్టిగా."

"చిన్నక్కా, చాల్లే..." అన్నాడు తమ్ముడు.

"నువ్వూరుకో. గట్టిగా చెప్పు."

"కోత తప్పు నాది!" అని అరిచింది కత్తెరమ్మ. "కుట్టు మా చెల్లెలిది, అందులో తప్పు లేదు. నాకు కళ్ళు కనబడవు. చాలా? తృప్తిగా ఉందా?"

సూదమ్మ ఎన్నో రోజులుగా ఆ మాట కోసమే బతికింది. సముద్రం మీద ప్రతి పూటా దాన్ని ఊహించుకుంది. తీరా వచ్చాక అది ఆమెకు ఎక్కడా ఆనలేదు. మేస్త్రి వైపు తిరిగి, "ఇటుకలు తీసుకుపో," అంది.

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఎదురింటావిడ వెళ్తూ ఏదో ఓదార్పు మాట అనబోయింది గానీ, ఇద్దరి మొహాలూ చూసి ఊరుకుంది.

"వాణ్ణి పంపించేశావేం?" అంది కత్తెరమ్మ కుర్చీ పట్టుకుని లేస్తూ. "గోడ కట్టించు. నీ జాలి ఎవరిక్కావాలి?"

"జాలా? నీ మీదా? గోడవతల నువ్వు గుడ్డలు తగలేస్తుంటే ఆ తిట్లు కూడా నాకే పడతాయి. అందుకు."

కత్తెరమ్మ పెట్టె తెరిచి, ఆ ఇసుక మేటల ఊళ్ళోంచి తెచ్చిన బూడిదరంగు ఉన్ని ముక్క తీసి బల్ల మీద విసిరికొట్టింది. "సుద్ద చేతికొచ్చిందిగా. గీయి. చూద్దాం నీ ప్రతాపం."

సూదమ్మ తన పెట్టెలోంచి రెండో ముక్క తెచ్చి దాని పక్కన పరిచింది. రెండూ కలిపితే కోటు వస్తుంది, వీపు మీద ఒక అతుకుతో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుడ్డ మీద సుద్ద పెట్టింది. ఊపిరి బిగబట్టి, మెడ దగ్గర నుంచి కిందిదాకా ఒక్క ఊపున గీసింది.

కత్తెరమ్మ బల్ల మీదికి వంగి, ఆ గీత వెంబడి చూపుడువేలు మెల్లగా పోనిచ్చింది. చివరిదాకా వెళ్ళాక వేలికంటిన సుద్ద దులుపుకుంది.

"వంకర," అంది.

ఆవిడకు ఆ గీత పూర్తిగా కనబడదని సూదమ్మకు తెలుసు. గీత తిన్నగా ఉందని కూడా తెలుసు. అయినా గబగబా గోడకున్న స్కేలు తీసుకొచ్చి, గీతకు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంది.